పువ్వుకి కాడ ఎక్కడిది

శుభవార్త వచ్చేసరికి పెళ్లికూతురి నోటినిండా పేస్టు నురగ ఉంది. కళ్లజోడు పడగ్గదిలో ఉంది. సబ్బుపెట్టె పక్కన పెట్టిన ఫోను టింగుమంటే, దాన్ని ముక్కుకి ఆనించుకుని చదివింది. మీ వ్యాసాన్ని ప్రచురణకు స్వీకరించామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము, అని పత్రిక సంపాదకుడు రాశాడు. ఆ వాక్యాన్ని నురగతోపాటే పైకి చదవడంవల్ల, గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మొగుడికి అది ఎవరో నీళ్లలో మునిగిపోతున్న చప్పుడులా వినిపించింది. సగం గుండీలతో పరుగెత్తుకొచ్చాడు. ఆమె అతని మెడ పట్టుకుని వేలాడింది. అప్పుడే ఇస్త్రీ చేసుకున్న చొక్కా భుజం మీద తెల్లటి మరక పడింది. అతను ఆ చొక్కా మార్చుకోలేదు. సాయంత్రం దాకా ఆ మరకతోనే తన కళ్లజోళ్ల కొట్లో కూర్చున్నాడనీ, అడిగినవాళ్లందరికీ అది సైన్సు తాలూకు మరకని చెప్పాడనీ తర్వాత తెలిసి ఆమె మళ్లీ మురిసిపోయింది. మురవడానికి ఆమెకి ఈమధ్య పెద్ద కారణాలు అక్కర్లేదు. తమ ఇద్దరి తువ్వాళ్లు ఒకే దండెం మీద ఆరుతుంటే చూసి కూడా మురుస్తుంది.

పెళ్లై ఎనిమిది నెలలు దాటింది. అయినా ల్యాబులో అందరూ ఆమెను పెళ్లికూతురనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది సీనియరు. అతను ఆ ల్యాబులో ఎప్పుడు చేరాడో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. పరిశోధన ఎప్పుడు ముగుస్తుందని అతన్ని అడగకూడదని కొత్తవాళ్లకి మొదటిరోజే చెబుతారు. ఆమె పెళ్లి సెలవు నుంచి వచ్చేటప్పుడు మొహాన ఒక నవ్వు తగిలించుకొచ్చిందనీ, ఇంతవరకు దాన్ని తీసి దులపలేదనీ అతని ఫిర్యాదు. ఆమెను చెల్లాయ్ అంటాడు. ఆమె మొగుణ్ణి బావగారంటాడు. బావగారి కొట్టుకి వెళ్లినప్పుడల్లా కళ్లపరీక్ష చేయించుకుంటాడు, జోడు మాత్రం కొనడు.

మెయిల్లో ఇంకో సంగతి కూడా ఉంది. వ్యాసంలోని బొమ్మను పత్రిక ముఖచిత్రంగా వేస్తారట. కాకపోతే ఇప్పుడున్న బొమ్మ చిన్నదట, అట్ట సైజుకి సాగదీస్తే మసకబారుతోందట. శుక్రవారంలోగా పెద్దది పంపితే చాలట. ఆ చాలట అన్న మాట సోమవారం పొద్దున్న ఆమెకి ఎంత తేలిగ్గా వినిపించిందంటే, బ్రష్షు కూడా కడగకుండా వంటింట్లోకి పరుగెత్తింది.

వంటింట్లో అత్తగారున్నారు. ఆవిడ ఎదుట పెళ్లికూతురు మొగుణ్ణి 'మీరు' అంటుంది. గదిలో 'నువ్వు' అంటుంది. ఈ ఏర్పాటు ఎవరూ అడగకుండా ఆమె తనంతట తానే పెట్టుకున్నది. గోడలు పల్చనివన్న సంగతి అత్తగారు తొలివారంలోనే గ్రహించారు గానీ, కోడలు పడుతున్న శ్రమ ముచ్చటగా ఉందని ఊరుకున్నారు. ముఖచిత్రం మాట వినగానే ఆవిడ పొయ్యి కట్టేసి ఫోను తీశారు. పది నిమిషాల్లో ఆవిడ పెద్దాడపడుచుకి తెలిసింది. పదిహేను నిమిషాల్లో పెద్దాడపడుచు తోడికోడలికి తెలిసింది. అక్కడినుంచి వార్త తన దారి తాను చూసుకుంది. అత్తగారు అందరికీ ఒకే మాట చెప్పారు. మా కోడలు ఒక పువ్వు కనిపెట్టింది, అది చెట్టుకి పూయదు, పుస్తకం అట్ట మీద వేస్తున్నారు.

చెట్టుకి పూయదన్నది నిజమే. అది గాజు మీద పూసింది.

ద్రవ స్ఫటికం అనేది వినడానికి పెద్ద పేరే గాని, చూడటానికి సీసాలో మిగిలిపోయిన గంజిలా ఉంటుంది. గడియారాల్లో, టీవీ తెరల్లో ఉండేవి దీని బంధువులే. వేడిగా ఉన్నప్పుడు అందులోని అణువులు సినిమా వదిలిన జనంలా ఎటు పడితే అటు పోతుంటాయి. కాస్త చల్లబడితే అన్నీ ఒకే వైపు తిరుగుతాయి, తోసుకోవడం మాత్రం ఆపవు. ఇంకాస్త చల్లబడితే బుద్ధొచ్చి వరసల్లో నిలబడతాయి. ఈ మార్పులన్నీ మన ఒంటి వేడికి కాస్త అటూ ఇటూలోనే అయిపోతాయి. పెళ్లైన కొత్తలో ఆమె ఇదంతా అత్తగారికి వివరించబోయి, ఇది పూర్తిగా నీరూ కాదు, పూర్తిగా గడ్డా కాదు అని మొదలుపెట్టింది. ఆవిడ కూరగాయలు తరుగుతూనే అర్థమైందన్నారు. "అంటే మీ మావయ్యలాగ. అవుననరు, కాదనరు." పక్కగదిలో పేపరు చదువుతున్న మావగారు అవుననలేదు, కాదనలేదు.

ఈ పదార్థాన్ని గాజు పలక మీద పల్చని పొరగా పరిస్తే ఇంకో తగువు మొదలవుతుంది. కింద గాజేమో పడుకోండర్రా అంటుంది. పైన గాలేమో లేచి నిలబడండి అంటుంది. మధ్యలోవి సగం వంగి ఇద్దరికీ సర్దిచెబుతుంటాయి. వరసల్లోకి మారే ఘడియ దగ్గరపడ్డాక ఇక ఆ సర్దుబాటు కుదరక, పొరంతా చారలు చారలుగా ముడుచుకుంటుంది. ఇంతవరకు ఆ రంగంలో అందరికీ తెలిసిందే. పలక మీద ముందుగా ఒక పూత పూసి, దాన్ని మఖమల్ గుడ్డతో ఒకే దిక్కున రుద్దుతారు. అణువులు రుద్దిన దిక్కునే పడుకుంటాయి. చారలు దాన్నిబట్టే తిన్నగా, రూళ్ల కాగితంలా వస్తాయి.

పెళ్లికూతురి పొరలో తిన్నగా రాలేదు. గుండ్రంగా, ఒకదాని చుట్టూ ఒకటి, రేకుల్లా విచ్చుకున్నాయి. రంగులు సరేసరి, సబ్బు బుడగను చూసినట్టే. పైగా ఆ పువ్వుకో కాడ కూడా ఉంది. నడుమ నుంచి కింది కుడిమూలకి సన్నగా జారిన ఒక గీత. ఆమె ఒక్కసారి చూసి నమ్మే మనిషి కాదు. ఆ పలక తీసిన పెట్టెలో ఉన్న పలకలన్నిటి మీదా పొర పరిచి చూసింది. ప్రతి పలక మీదా పువ్వు వచ్చింది, ప్రతి పువ్వుకీ కాడ వచ్చింది.

గైడుగారు ఆ పువ్వు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆవిడ లేచి నిలబడటం అంతకుముందు ఫైరు డ్రిల్లప్పుడే చూశారు. ఆవిణ్ని చాటుగా అందరూ చల్లారమ్మ అంటారు. పొర నిదానంగా చల్లారాలి, తొందరపడితే సత్యం చెదిరిపోతుంది అన్నది ఆవిడ సిద్ధాంతం. టీ కూడా పూర్తిగా చల్లారాకే తాగుతారు. పువ్వు ఎప్పుడూ పలక నడిమధ్యే ఎందుకు పూస్తుందంటే, పలక అంచులు ముందు చల్లారి నడుమ ఆఖరున చల్లారుతుంది కాబట్టి అని ఆవిడ తేల్చారు. కాడ ఎందుకొచ్చిందో తేల్చడానికి నెలన్నర పట్టింది. రేకులు ముడుచుకునేటప్పుడు పుట్టే ఒత్తిడిని పొర ఒక గీత రూపంలో బయటికి పంపించుకుంటుంది అని, లెక్కలతో సహా అరపేజీ రాశారు. ఆ అరపేజీ రాసిన రోజు ఆవిడ టీ వేడిగా తాగారని సీనియరు ప్రమాణం చేసి చెబుతాడు. వ్యాసానికి 'పల్చని పొరల్లో తమంతట తామే ఏర్పడే పుష్పాకృతులు' అని పేరు పెట్టారు. పెళ్లికూతురి పీహెచ్‌డీ ఆ వ్యాసం మీదే నిలబడింది. అది అచ్చయితే ఈ ఏడాదే డిగ్రీ. డిగ్రీ వస్తే పక్క సంస్థలో ఉద్యోగం ఖాయమని అప్పటికే మాటైపోయింది.

సోమవారం ల్యాబులో అందరూ చప్పట్లు కొట్టాక, ఆమె కొత్త పెట్టె తెరిచింది. పాత పెట్టెలో పలకలు ఎప్పుడో అయిపోయాయి. కొత్తవాటికి పూత పూసింది, మఖమల్‌తో శ్రద్ధగా రుద్దింది, పొర పరిచింది, మైక్రోస్కోపు కింద ఉన్న చిన్న వేడి పళ్లెంలో పెట్టి నిదానంగా చల్లార్చింది. చారలొచ్చాయి. తిన్నగా వచ్చాయి. రూళ్ల కాగితం.

ఇంకో పలక పెట్టింది. రూళ్ల కాగితం. ఇంకా నిదానంగా చల్లార్చింది. ఇంకా తిన్నని రూళ్లు.

మంగళవారం పదార్థం పాడైందేమోనని కొత్త సీసా తెరిచింది. పళ్లెం వేడి సరిగ్గా చూపడం లేదేమోనని సీనియరు చేత దాన్ని విప్పించింది. అతను విప్పాడు, లోపల చూశాడు, మళ్లీ బిగించాడు, ఒక మర మిగిలింది. మర సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు. గైడుగారు మధ్యమధ్య తలుపులోంచి తొంగిచూసి పెద్ద బొమ్మ తయారైందా అని అడుగుతుంటే, చల్లారుతోంది మేడమ్ అని చెప్పి తప్పించుకుంది. ఆవిడ దగ్గర ఆ జవాబుకి ఎదురులేదు. అచ్చుకెళ్తున్న వ్యాసంలో ఎప్పుడు చేసినా పువ్వు వస్తుంది అని తానే రాసింది. రెండు రోజులుగా ఆ పువ్వు రావడం లేదు.

"పోనీ రేకుల బదులు రూళ్లు అట్ట మీద వేయమను చెల్లాయ్" అన్నాడు సీనియరు. "పుస్తకం కొన్నవాళ్లు లోపల రాసుకోవచ్చు."

బుధవారం సాయంత్రం ఆమె నేరుగా ఇంటికి పోలేక మొగుడి కొట్టుకెళ్లింది. ఆ కొట్టంటే ఆమెకి ఇష్టం. మూడు గోడలనిండా మనుషుల్లేని కళ్లజోళ్లు వరసగా నిలబడి చూస్తుంటాయి. నాలుగో గోడ మీద అక్షరాల పలక ఉంటుంది. కింది వరస ఆమెకి కంఠస్థం, కాబట్టి ఆమె చూపుని అతనెప్పుడూ సరిగ్గా కొలవలేకపోయాడు. కస్టమర్ల కోసం వేసిన ఎత్తు స్టూలెక్కి కూర్చుని, పువ్వు రావడం లేదని చెప్పింది. చెబుతూ ఏడ్చేసింది. ఓదార్చే మాట అతనికి వెంటనే తట్టలేదు. తట్టనప్పుడు మనిషి చేతికొచ్చిన పని చేస్తాడు. ఆమె మొహం మీంచి కళ్లజోడు మెల్లిగా తీసి, నోటి ఆవిరి పట్టించి, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టాడు.

జోడు లేకుండా ఆమెకి దూరానివన్నీ మసకే. గల్లా బల్ల మీదికి వాలి కూర్చుంది కాబట్టి, ముక్కుకి జానెడు దూరంలో అతని చేయి మాత్రం స్పష్టంగా కనిపించింది. బొటనవేలు అద్దం నడుమ ఆనింది. అక్కడినుంచి గుండ్రంగా, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు, పెద్దదవుతూ అంచు దాకా పోయింది. చివర్న మళ్లీ నడుమకొచ్చి, ఒక్క విసురుతో కింది కుడిమూలకి జారింది.

ఆమె ఏడుపు ఆగిపోయింది.

"ఇంకోసారి తుడువు."

"తుడిచాగా."

"మెల్లిగా తుడువు. చివర్న అలా మూలకి లాగావెందుకు?"

"దుమ్ము అంచు దాటి పోవాలి కదా. మా నాన్న నేర్పిన తుడుపది. ఈ వీధిలో ఇంకెవడికీ రాదు."

అతను గర్వంగా రెండో అద్దం కూడా అలాగే తుడిచి చూపించాడు. నడుమ, చుట్లు, మూలకి విసురు. ఆమె గుండెల్లో రాయి పడింది. పడ్డ రాయి చప్పుడు బయటికి వినిపించకుండా, పెళ్లైన కొత్తలో ఒక శనివారం తనను తీసుకెళ్లడానికి ల్యాబుకొచ్చావు కదా అని అడిగింది. వచ్చానన్నాడు. నేను గైడుగారి గదిలో ఉన్నంతసేపు నా బల్ల దగ్గర కూర్చున్నావు కదా అంది. కూర్చున్నానన్నాడు.

"అక్కడేమైనా ముట్టుకున్నావా?"

"ఛ, నువ్వు వద్దని చెప్పాక ముట్టుకుంటానా?" అని, కాస్త ఆగి, "గాజు ముక్కల మీద నూగేదో కనబడితే తుడిచి పెట్టానంతే" అన్నాడు.

"ఎన్ని?"

"అన్నీ. సగం తుడిచి సగం వదిలేస్తే ఏం బాగుంటుంది?"

ఆ నూగు ఆమె మఖమల్‌దే. ఆ శనివారం ఆమె పాత పెట్టెలోని పలకలన్నీ తిన్నగా రుద్ది, ఆరబెట్టినట్టు వరసగా పేర్చి, గైడుగారు పిలిస్తే వెళ్లింది. వెనకాలే కొత్త మొగుడు, పెళ్లాం పనిలో చెయ్యేద్దామన్న ఉత్సాహంతో, ఆమె తిన్నగా రుద్దినదాన్నంతా చెరిపేసి ముచ్చటగా గుండ్రంగా రుద్దిపెట్టాడు. మామూలు కంటికి ఆ పూత మీద ఏమీ తేడా కనిపించదు. పొర వరసల్లోకి మారే ఆ ఘడియలోనే, అతని చెయ్యి తిరిగిన ప్రతి చుట్టూ రేకుగా పైకి తేలింది. తమంతట తామే ఏర్పడ్డాయని వ్యాసానికి పేరు పెట్టిన ఆకృతులు కళ్లజోళ్ల కొట్టు మనిషి చేతివాటం. గైడుగారు నెలన్నర లెక్కలు కట్టి బయటికి పంపించిన ఒత్తిడి, దుమ్ము దులిపే విసురు.

సంగతి అర్థమయ్యేసరికి అతని మొహం వాడిపోయింది. తర్వాత వ్యాపారస్తుడు కాబట్టి తేరుకున్నాడు. నీకిప్పుడు కావాల్సింది అలాంటి పలకలే కదా, తెచ్చివ్వు, ఇక్కడే కూర్చుని ఎన్ని కావాలంటే అన్ని తుడిచిపెడతాను, పువ్వులే పువ్వులు అన్నాడు. అంత సులువైన మాట ఆమె ఆ వారంలో వినలేదు.

గురువారం మధ్యాహ్నం పూత పూసిన పలకలు రుమాల్లో చుట్టి కొట్టుకి తీసుకెళ్లింది. ఒక పెద్దాయన మందపాటి జోడు సరిచేయించుకోవడానికి వస్తే, ఆయన్ను కూర్చోబెట్టి మరీ అతను పలకలు తుడిచాడు. ఇంతింత చిన్న అద్దాలు ఎవరికని ఆ పెద్దాయన అడిగితే, చాలా చిన్నవాళ్లకి అన్నాడు. తిరిగి ల్యాబుకొచ్చి పొర పరిచింది. చల్లార్చింది. మైక్రోస్కోపులో కళ్లు పెట్టింది.

పూసింది. మునుపటి పువ్వులన్నిటికంటే అందంగా పూసింది. నిన్న కోపమొచ్చిన మొగుడి మీద ఇవాళ ముద్దొచ్చేటంత అందంగా, రేకు మీద రేకుగా, నీలం నుంచి పసుపుకి, పసుపు నుంచి గులాబీకి మారుతూ, తీర్చి దిద్దినట్టున్న కాడతో పూసింది. పెద్ద కెమెరాతో బొమ్మ తీసింది. మెయిలు రాసింది. బొమ్మ జతచేసింది. పంపు అన్న గుర్తు మీదికి వేలు తీసుకెళ్లింది.

నిజానికి ఎవరికి తెలుస్తుంది? తుడిచినవాడు చెప్పడు. సీనియరుకి ఏదైనా తెలిసినా పైకి తెలియనట్టే ఉంటాడు. వ్యాసం అచ్చవుతుంది, డిగ్రీ వస్తుంది, అత్తగారు అట్టను పటం కట్టించి హాల్లో పెడతారు.

వేలు అక్కడే ఉంది గానీ ఆమె ఆలోచన ఎక్కడికో పోయింది. ఎక్కడో ఇంకో ల్యాబులో తనలాంటి పిల్లే ఒకతె ఈ వ్యాసం చదువుతుంది. చదివి, పూత పూస్తుంది, తిన్నగా రుద్దుతుంది, చల్లారుస్తుంది. రూళ్ల కాగితం వస్తుంది. మళ్లీ చేస్తుంది, మళ్లీ రూళ్లే. వాళ్ల గైడు తలుపులోంచి తొంగిచూసి పువ్వేదీ అంటుంది. తప్పు తన చేతిదే అనుకుని ఆ పిల్ల ఏడుస్తుంది. నెలల తరబడి ఏడుస్తుంది. దానికి ఇలాంటి మొగుడు ఉండడు కదా, పువ్వెలా వస్తుంది?

పెళ్లికూతురు వేలు తీసేసింది. లేచి గైడుగారి గదికి వెళ్లింది.

గదిలో ఆ చిన్న బొమ్మ అప్పటికే తలుపుకి అంటించి ఉంది. గైడుగారు చల్లారిన టీ తాగుతున్నారు. కూర్చోమన్నా కూర్చోకుండా ఆమె మొత్తం చెప్పింది. శనివారం, నూగు, జేబులో గుడ్డ, నిన్నటి కొట్టు, ఇవాళ్టి పువ్వు, ఏదీ దాచలేదు. అంతా అయ్యాక గైడుగారు కప్పు కింద పెట్టి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"కాడ?"

"అదీ మా ఆయనే మేడమ్."

గైడుగారు కళ్లు మూసుకున్నారు. ఆ అరపేజీ ఆవిడ కళ్ల వెనక ఒక్కో వరసా కూలుతున్నట్టుంది. కళ్లు తెరిచి, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని సంపాదకుడికి ఇప్పుడే, ఇక్కడే కూర్చుని రాయమన్నారు. కారణం కూడా ఉన్నదున్నట్టు రాయమన్నారు. భర్త అన్న మాట రాయాలా అని పెళ్లికూతురు అడిగితే, వేరే మర్యాదైన మాట ఉంటే చెప్పమన్నారు. దొరకలేదు. పలకలను ఒక కళ్లజోళ్ల నిపుణుడు సదుద్దేశంతో శుభ్రపరచడం జరిగింది అని రాశారు. పంపు గుర్తు మీద ఈసారి వేలు ఆగలేదు. మెయిలు వెళ్లిపోయాక ఉద్యోగం సంగతి అడిగింది. పక్క సంస్థ వాళ్లు ఆగరని గైడుగారు తిన్నగానే చెప్పారు. డిగ్రీకి ఇంకో ఏడాది పడుతుంది, ఏడాదిన్నర కూడా పట్టొచ్చు, బాధపడటానికి ఇవాళ సాయంత్రం మొత్తం తీసుకో అన్నారు.

అంతలో సీనియరు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. అతను బయట నిలబడి అంతా విన్నాడన్న సంగతి దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

"ఇంకా నయం చెల్లాయ్. ఇంకో వారమైతే ప్రపంచం చెవిలో పువ్వు పెట్టేవాళ్లం, కాడతో సహా" అన్నాడు.

పెళ్లికూతురికి ఏడుస్తూనే నవ్వొచ్చింది. గైడుగారికి నవ్వు రాలేదు, కానీ ఆవిడ చూపు ఎక్కడో నిలిచిపోయింది. రుద్దిన చెయ్యి వెళ్లిపోయి వారాలైనా ఆ గుర్తు పూతలోనే ఉండిపోయింది, మామూలప్పుడు ఎవరికీ కనిపించలేదు, మారే ఘడియలో మాత్రం బయటపడింది, అవునా అని తనలో తాను అనుకుంటున్నట్టు అడిగారు. ఎంత మెత్తగా తుడిస్తే గుర్తు ఉండదు? ఎన్నిసార్లు వేడిచేస్తే చెరిగిపోతుంది? ఒకే మనిషి చెయ్యి ప్రతిసారీ ఒకేలా పడుతుందా? ఆవిడ డ్రాయరు లాగి తెల్లకాగితం తీశారు. ఆ కాగితం నిండేదాకా రాశారు.

ఇంటికి వచ్చాక అసలు కష్టం మిగిలింది. అత్తగారికి చెప్పాలి. మొగుడు తానే చెబుతానని ముందుకొచ్చి, అమ్మ ఎదురుగా నిలబడగానే మంచినీళ్లు కావాలా అని అడిగి వెనక్కొచ్చేశాడు. కాబట్టి భోజనాల దగ్గర పెళ్లికూతురే చెప్పింది. పువ్వు అట్ట మీద రాదని, ఆ వ్యాసమే రాదని, దానికదే పూసిందనుకున్నది మీ అబ్బాయి తుడుపని చెప్పింది. అత్తగారు ముద్ద చేతిలో పట్టుకుని కొడుకు వంక చూశారు.

"అద్దాలు తుడవడానికి నీకు కొట్టుంది కదరా."

అతను కంచంలోకి చూశాడు. ఆవిడ ఇంకా ఏదో అనబోయి కోడలి మొహం చూసి ఆగారు. ఎన్నాళ్లు వెనకబడుతుందని మెల్లిగా అడిగారు. ఏడాది పైనే అని విని, ఏడాదేముంది, నేను వంట నేర్చుకోవడానికి అంతకంటే ఎక్కువే పట్టింది అన్నారు. మావగారు గట్టిగా దగ్గారు. బంధువులందరికీ ఇప్పుడేం చెప్పాలన్నది ఆవిడ అసలు దిగులు. నిజం చెప్పేద్దామని పెళ్లికూతురంది.

"నిజమెవరికి అర్థమవుతుందమ్మా? అబద్ధం అర్థమయ్యేలా చెప్పేసరికే నా గొంతు పోయింది" అని, అయినా సరే రేపటినుంచి ఒక్కొక్కరికీ చెబుతాననీ, ముందు పెద్దాడపడుచుతో మొదలుపెడతాననీ, ఆవిడైతే సగం వినకముందే మిగతాది తానే చెప్పేస్తుందనీ అన్నారు.

భోజనాలయ్యాక మొగుడూ పెళ్లాం ఇద్దరూ వంటింటి గట్టు దగ్గర నిలబడి గిన్నెలు తోముతున్నారు. ఆమె తోమి ఇస్తుంటే అతను కడిగి బోర్లిస్తున్నాడు. అతను ఇంకా తల ఎత్తడం లేదు. నీ ఏడాది పాడుచేశాను అన్నాడు గిన్నెతో. చేశావు అంది. ఆమె, కోపం ఎక్కడైనా మిగిలి ఉందేమోనని లోపలంతా వెతుక్కుంది. కొంచెం దొరికింది. దాని పక్కనే మధ్యాహ్నం చూసిన పువ్వు కూడా ఉంది. ఆ రంగులు, ఆ చుట్లు, ఒక చెయ్యి పోయిన దారంతా వెలుగుతూ కనబడటం. అది అబద్ధపు పువ్వే అయినా, దాన్ని చూసినప్పుడు కలిగిన సంతోషం మాత్రం నిజమేనని తేల్చుకుంది. అలా తేల్చుకున్నాక, మోచేత్తో అతని పక్కలో పొడిచింది. అత్తగారు పక్కగదిలోనే ఉన్నారన్న సంగతి మర్చిపోయి, మామూలు గొంతుతోనే చెప్పింది.

"రేపు పదింటికి నువ్వు ల్యాబుకి రావాలి. మేడమ్ రమ్మన్నారు. కొట్టు మధ్యాహ్నం తెరుద్దువుగాని. కొన్ని పలకలు నువ్వు తుడుస్తావు, కొన్ని సీనియరు రుద్దుతాడు, కొన్ని మేడమ్ రుద్దుతారు. ఏది ఎవరు చేశారో నాకు చెప్పరు. నేను పొర పరిచి, చల్లార్చి, చెయ్యెవరిదో కనిపెట్టాలి."

"కనిపెట్టగలవా?"

"నీది కనిపెడతాను. వాళ్లవే తెలీదు."

అతను మొదటిసారి తలెత్తి చూశాడు. ఏం తెచ్చుకోవాలని అడిగాడు.

"జేబులో గుడ్డ తెచ్చుకో. కుడిచేత్తో సగం, ఎడమచేత్తో సగం తుడవాలట. ఎడమచేత్తో ఈ రాత్రి ప్రాక్టీసు చేశావో, చంపేస్తాను."

అతను తడి గిన్నెను ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకున్నాడు.